సాంబ్రాణి బుట్ట మీద పక్కటెముకలు

ఆ రోజుల్లో ఆడపిల్ల దొరగారి వంటింట్లో అడుగుపెట్టడమంటే లాకుల మీదినుంచి కాలవలోకి దూకినంత ఘోరంగా చూసేవారు. నేను పెట్టాను. ధవళేశ్వరంలో కాలవల ఇంజనీరు దొరగారికి మా నాన్న వంటవాడు. ఆ శ్రావణంలో నాన్నకు చలిజ్వరం తగులుకుంటే, పదిహేడేళ్ల నేను కొంగు బిగించి ఆయన గరిటె పట్టుకున్నాను. ఆ బంగళాలో ఒక బట్లరు ఉండేవాడు, మా అందరికీ మావయ్య. ఆయన అల్లుడు ఖాళీగా తిరుగుతున్నాడు (ఖాళీగా అన్నది నా మాట, మావయ్య దృష్టిలో అతను మంచి పని కోసం ఎదురుచూస్తున్నాడు). ఒక్క పూట వంట చెడితే మా నాన్న చోట్లోకి ఆ అల్లుడు వచ్చేస్తాడని నాకు తెలుసు, మావయ్యకు తెలుసు, దుప్పటి కింద వణుకుతున్న మా నాన్నకు ఇంకా బాగా తెలుసు.

ఇంతలో యానాం నుంచి ఫ్రెంచి పాదిరీగారు పడవలో భోజనానికి వస్తున్నారని కబురు. దొరగారు పొట్టేలు పక్కటెముకలు కాల్చమన్నారు. పెరట్లో గుంట తవ్వి, ఇటుకల మీద ఇనుప ఊచలు పరిచి, నిప్పుల సెగకు కాల్చడం మా నాన్న పద్ధతి. నాలుగు రోజులుగా ఒకటే వాన. గుంటలో కప్పలు ఈదుతున్నాయి. ఆ ఊచలు కాస్తా వరదగట్టు పనివాళ్లు ఎందుకో పట్టుకుపోయారు.

"ఇంట్లో కూర్చుని ఎలా కాలుస్తావే పిల్లా? మామూలు కూర వండేసి, చేతకాలేదని చెప్పెయ్. దొరగారికి నేను నచ్చజెబుతాలే" అన్నాడు మావయ్య, ఎక్కడలేని దయతో.

ఆ దయకే నాకు ఒళ్లు మండింది. "కాల్చమన్నారండి. కాల్చే పెడతానండి" అన్నాను. (ఎలాగో నాకూ తెలియదు. ఆ సంగతి ఆయనకు తెలియనిస్తానా.)

అల్లం, వెల్లుల్లి, మిరియాలు నూరి, చింతపండు గుజ్జులో బెల్లం కరిగించి ఎముకలకు పట్టించాను. కుండలో పేర్చి, మూకుడు మూసి, అంచు చుట్టూ పిండి మెత్తి, కింద సన్నని సెగ, మూకుడు మీద నాలుగు నిప్పులు పెట్టాను. మాంసం మెత్తగా మగ్గింది. ఇక కావలసింది పొగ వాసన, పైన కాస్త మాడిన రంగు. కుంపట్లో కొబ్బరి చిప్పలు రాజేశాను గానీ, దాని మీద ఎముకలు పరవడానికి ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది మా అమ్మ సాంబ్రాణి బుట్ట. తలంటుకున్నాక సాంబ్రాణి వేసిన కుంపటి మీద బోర్లించి, పైన జుట్టు పరిచి ఆరబెట్టుకునే వెదురు బుట్ట అది. బంగళా వెనకే మా ఇల్లు. వానలో పరుగెత్తి తెచ్చి, వేడినీళ్లతో మూడుసార్లు కడిగాను. దాని మీద ఎముకలు చక్కగా ఎర్రబడ్డాయి, బెల్లం చిటపటలాడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఏళ్ల తరబడి ఆ వెదురు పీల్చుకున్న సాంబ్రాణంతా సెగ తగలగానే మాంసంలోకి ఎక్కుతుందన్న ఆలోచన మాత్రం రాలేదు. పొగకు నా ముక్కు అప్పటికే మూసుకుపోయింది.

వెళ్లిన పళ్లెం వెళ్లినట్టే తిరిగొచ్చింది.

"దొరసానిగారు వాసన చూసి పక్కకు నెట్టేశారు. బాలింత గదిలా ఉందే ఇది" అన్నాడు మావయ్య. "నువ్వేం బాధపడకు. రేపట్నుంచి మా అల్లుడొస్తాడు."

నేను ఆయన చేతిలో పళ్లెం లాక్కుని తిన్నగా భోజనాల గదిలోకి నడిచాను. వంటవాళ్లు ఆ గడప దాటకూడదు. దాటాను.

"వానకి బయట కుదరక ఇంట్లోనే కాల్చానండి. మా అమ్మ జుట్టు ఆరబెట్టుకునే బుట్ట మీదండి. శుభ్రంగా కడిగానండి. తిని బాగాలేదనండి, వెళ్లిపోతాను. తినకుండా మాత్రం అనకండి."

దొరసానిగారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. దొరగారు మీసం సవరించుకున్నారు. పాదిరీగారు మాత్రం ఒక ఎముక తీసుకుని, వాసన చూసి, "మా గుడి వాసన" అన్నారు వచ్చీరాని తెలుగులో. (వాళ్ల చర్చిలోనూ సాంబ్రాణి ధూపం వేస్తారట.) తిన్నారు. మొత్తం నాలుగు తిన్నారు. అతిథి తింటుంటే దొరగారు చూస్తూ కూర్చోలేరు కదా, ఆయనా రెండు తిన్నారు. మా నాన్న కొలువు నిలిచింది. నేను మళ్లీ ఆ గడప తొక్కకూడదని మాత్రం ఉత్తర్వయింది.

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి మావయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏదీ, నువ్వు తిను చూద్దాం" అన్నాడు. మిగిలిన రెండు ఎముకలూ ఆయన కళ్లముందే, వేళ్లతో సహా నాకి మరీ తిన్నాను.

ఆ తరవాత ఎన్నేళ్లయినా, సంతలో కనబడినా పెళ్లిలో కనబడినా ఆయనది ఒకటే ప్రశ్న. "నిజం చెప్పవే, ఆ రోజు అది నోట్లో పెట్టుకోగలిగావా?" "ఇంకో రెండుంటే తినేదాన్నండి" అనేదాన్ని. ఇద్దరికీ జుట్టు నెరిసింది గానీ నా జవాబు మారలేదు.

మొన్న మాఘంలో మావయ్య పోయాడు. ఇప్పుడు చెబుతున్నాను. సాంబ్రాణి ముద్ద నమిలినట్టే ఉంది. రెండు రోజులు మంచినీళ్లు కూడా అదే వాసన కొట్టాయి. పాదిరీగారు నాలుగు ఎలా మింగారో ఆయన దేవుడికే తెలియాలి. మావయ్య పోయాకైనా ఇది ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. ఇంకొక్కసారి ఆయన వచ్చి అడిగితే, బాగుందనే చెప్పాలని ఉంది.