కొసరు వద్దన్న రోజు

నా చిన్నప్పుడు నేను గెలిచాననుకున్న బేరం ఒకటి ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతుంటుంది. అప్పుడు నాకు పదేళ్ళు. నల్గొండలో మాది బట్టల దుకాణం. ముందు దుకాణం, నడుమ ఇల్లు, వెనక పెరడు. ఉగ్గుపాలతో పాటు బేరాలు వింటూ పెరిగినదాన్ని కాబట్టి, అన్నానికి పిలిచినా ఎన్ని ముద్దలో తేల్చుకోనిదే పీట మీద కూర్చునేదాన్ని కాదు.

ఆ ఏడు నాకున్న కోరిక ఒక్కటే. దుకాణంలో మా తాతయ్య పక్కన గద్దె మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు పట్టుచీర విప్పి చూపించాలి. తాతయ్య అంచు పట్టుకుని ఒక్కసారి విసిరితే చీర చాప మీద నీళ్ళలా పరుచుకునేది. ఆ పని ఆయన ఎవరికీ ఇవ్వలేదు, మా నాయినకు కూడా.

ఉగాది దగ్గరపడింది. ఏటా పండుగ ముందు పెరడు బాగుచేయడం మా ఇంట్లో ఆనవాయితీ. ఎండిన చిక్కుడు తీగలు పీకాలి, పల్లేరు ఏరిపారేయాలి, గోడ లేని వైపు కంచెగా వేసిన పాత తుమ్మకంప లాగి కుప్ప వేయాలి. ఈసారి మనిషి దొరకలేదని తాతయ్య అంటుంటే నేను చేస్తానన్నాను. బదులుగా పండుగ ముందురోజు నన్ను గద్దె మీద కూర్చోబెట్టి పట్టుచీర విప్పనివ్వాలి. ఆయన మధ్యాహ్నం దాకా అన్నాడు. దాని మీద కొసరుగా, పని చేసేటప్పుడు చేతులకు తొడుక్కోవడానికి సంచులు ఇస్తానన్నాడు.

ఆ సంచులు మా అవ్వ కుట్టినవి. పైన గోనెపట్టా, లోపల పాత దుప్పటి గుడ్డ, బొటనవేలికి విడిగా జాగా. తొడుక్కుంటే చేతులు ఎలుగుబంటి చేతుల్లా కనిపించేవి. నేను చూశాను, లెక్క వేశాను. రెండు చేతులుండగా వాటికి మళ్ళీ సంచులెందుకు? కొసరు నాకొద్దు, దాని బదులు ఆ రోజు పొద్దంతా కూర్చోనివ్వమన్నాను.

"పొద్దంత అంటే పొద్దంత కూసోవాలె. నడుమ లేస్తనంటే నడవది బిడ్డా" అన్నాడు.

"లేవ" అన్నాను.

"అయితే సరే."

నూలు చీర దగ్గర కూడా అరగంట నానబెట్టే మనిషి అంత తొందరగా సరే అన్నాడంటే నాకు అనుమానం రావలసింది. రాలేదు. గెలిచిన సంబరంలో పెరట్లోకి దూకాను.

చిక్కుడు తీగల దాకా బాగానే నడిచింది. పల్లేరు దగ్గర కొంచెం తెలిసింది. కంప దగ్గర పూర్తిగా తెలిసింది. రెండుసార్లు సంచుల కోసం లోపలికి పోబోయి, గెలుచుకున్న సగం రోజు పోతుందని ఆగిపోయాను. సాయంత్రానికి కంప సగమే తీశాను గాని, ముళ్ళు మాత్రం మొత్తం నా అరచేతుల్లోనే విరిగాయనిపించింది. రాత్రి పచ్చడి వద్దని చల్లన్నం తింటుంటే అవ్వ వింతగా చూసింది. కారం లేనిదే ముద్ద దిగని పిల్లను కదా. కారం తగిలితే చేతులు మండుతాయని చెప్పక, కడుపులో బాగా లేదన్నాను.

మర్నాడు దుకాణం నిండా జనం. పానగల్ నుంచి ఒకామె వచ్చింది. ఎర్రంచు ఆకుపచ్చ పట్టుచీర చూపించమంది. తాతయ్య నా వైపు తలూపాడు. నేను అచ్చం ఆయనలాగే అంచు పట్టుకుని విసిరాను. చీర పోలేదు. నా అరచేతికే పట్టుకుంది. గుంజుకున్నాను. చీర నడుమ ఒక పోగు వేలెడంత పైకి లేచింది.

ఆమె చీరను పక్కకు పెట్టి నా చేతిని పట్టుకుని తిప్పి చూసింది.

"ఏం సావుకారీ, గివి చేతులా, కొబ్బరి కోరే పీటలా?"

ఆపైన ఆ చీర సగం ధరకిమ్మంది. తాతయ్య దాన్ని మడిచి పక్కన పెట్టి, ఇంకో చీర తనే విప్పాడు. ఆమె అది కొని, జాకెట్టు గుడ్డ కొసరుగా తీసుకుని మరీ పోయింది. కొసరు విలువ ఆమెకు తెలుసు.

నేను లేచి లోపలికి పరుగెత్తబోయాను. యాడికి, పొద్దంతన్నవు గదా అన్నాడు తాతయ్య. కూర్చున్నాను. చేతులు ఒళ్ళో దాచుకుని, ఒక్క గుడ్డ పేలిక ముట్టుకోకుండా, దీపాలు పెట్టేదాకా కూర్చున్నాను. అంత పొడుగు పగలు నేను మళ్ళీ చూడలేదు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆయన ఆ చీరను మోకాళ్ళ మీద పరుచుకుని, సూది మొనతో లేచిన పోగును కొంచెం కొంచెంగా వెనక్కి సర్దడం మొదలుపెట్టాడు. ఆయన వేళ్ళు అంత నున్నగా ఉంటాయని అప్పుడే చూశాను. గోరు పక్కన చిన్న పగులు కూడా లేదు.

"గజం బద్ద ఇరిగితే ఇంకోటి దెస్త బిడ్డా. చేతులు యాడికెల్లి దెస్త?" అన్నాడు, తల ఎత్తకుండా.

మరి ముందే ఎందుకు చెప్పలేదని ఏడుపు గొంతుతో అడిగాను. ఆయన నవ్వాడు. "నేను అంత జల్దీ ఒప్పుకుంటే నీకు శంక రావద్దా" అన్నాడు. పోగును ఇంకొంచెం సర్ది, "జర సేపట్ల సంచుల కోసం ఉర్కొస్తవనుకున్న. గింత మొండిదానివనుకోలే. బేరం నేను గూడ ఓడిపోయిన" అన్నాడు.

ఆ రాత్రి ఆయనే పిన్నీసుతో ముళ్ళు తీసి, ఆముదం రాసి, గుడ్డ చుట్టాడు. మిగిలిన కంప పండుగ వెళ్ళాక ఇద్దరం కలిసి తీశాం, చెరొక జత సంచులు తొడుక్కుని. నా చేతులు మానాక ఒకరోజు పిలిచి, ఆ ఆకుపచ్చ చీరనే నా చేతికిచ్చాడు. విసిరాను. చాప మీద నీళ్ళలా పడింది. పోగు సర్దిన సంగతి కొన్నవాళ్ళకు చెప్పే అమ్మాడు. ఎవరు కొన్నారో గుర్తులేదు, అది చాప మీద పడిన తీరే గుర్తుంది.

ఇప్పుడు దుకాణం లేదు. షాద్‌నగర్‌లో మా బిడ్డ ఇంటి వెనక మంచం పట్టేంత జాగా ఉంది. అందులో గులాబీలు, ఒక కాగితం పూల చెట్టు. మొన్న ఎండిన కొమ్మలు తీద్దామంటే మా మనవరాలు నా ముందు గ్లౌజులు పెట్టి, ఇవి లేకుండా చేస్తే ఇంకో గంట ఫోను ఇస్తావా అని అడిగింది. రక్తం ఎక్కడికి పోతుంది. అలవాటు కొద్దీ అరగంటకు తెగ్గొడదామని నోరు తెరిచాను కూడా.

తెరిచిన నోరు మూసుకున్నాను. ముందు చేతులు చాపమన్నాను. ఒక్కో వేలూ సర్ది గ్లౌజులు తొడిగాను. ఇంత బతుకులో నేను బేరం లేకుండా ఎవరికైనా ఏదైనా ఇచ్చానంటే అదొక్కటే.