దూదికి తగిలిన ముల్లు

చేయని పనిని చేశానని ఒకడి చేత ఒప్పించడం ఎంత తేలికో నాకు తెలుసు. టైరు విప్పే ఇనుప లీవరు ఒక్కటి చాలు.

ఎనభైల మొదట్లో, నర్సంపేట రోడ్డు మీద ఉన్న మా ఊళ్లో నాకొక పాత ట్రాక్టరు ఉండేది. ఆ వానాకాలం దాని ముందు టైరులో తుమ్మముల్లు దిగింది. పటకారుతో పీకి, ట్యూబుకు నేనే ప్యాచ్ వేశాను. వరంగల్ దాకా పోకుండానే పని అయిందని మీసం తిప్పాను. అది మొదలు, సాయంత్రం గట్టిగా ఉన్న టైరు తెల్లారేసరికి రిమ్ము మీద కూర్చునేది. రోజూ కాలిపంపు తొక్కి తొక్కి గాలి నింపడం, రోజూ తిట్టుకోవడం. మళ్లీ విప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు. నా ప్యాచ్ మీద నాకంత నమ్మకం.

గాలి దానంతటది పోవడం లేదు, ఎవడో తీస్తున్నాడని తేల్చుకున్నాను. ఎవడో ఏమిటి, గెట్టు పక్క రైతే. వరసకు నాకు తమ్ముడు. అంతకుముందు ఎండాకాలం తన చేలోకి రెండు సాళ్లు ఎక్కువ దున్నానని పదిమందిలో నన్ను నిలదీశాడు. దున్నిన మాట నిజమే. అందుకే ఇంకా మండింది.

ఒక పొద్దున నేను చక్రం దగ్గర కూర్చుని ఉండగా వాడు నాగలి భుజాన వేసుకుని అటుగా వచ్చాడు.

"ఏందన్నా, మళ్ల గాలి వోయిందా?" అన్నాడు.

నవ్వాడో లేదో ఇప్పటికీ చెప్పలేను. నాకు నవ్వినట్టే కనిపించింది. చేతిలో లీవరుంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది ఆపడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అయినా ఆగలేదు. బురదలో పడేసి, ఛాతీ మీద మోకాలు పెట్టి, "చెప్పు, తీసినవా లేదా?" అని నోటి మీద గుద్దాను.

"తియ్యలే అన్నా, నా బిడ్డ మీద ఒట్టు" అన్నాడు. మళ్లీ గుద్దాను. పళ్ల సందుల్లోంచి నెత్తురు వచ్చింది. ఇంకో నాలుగు దెబ్బలయ్యాక "తీసిన, నేనే తీసిన, ఇగ కొట్టకే" అని ఏడ్చాడు. చుట్టూ మూగిన వాళ్లందరూ విన్నారు. అప్పుడు లేచాను. ఆ క్షణంలో నా కడుపు చల్లబడింది.

ఊరివాళ్లు వాణ్ణి వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయి, బండి మీది నుంచి పడ్డాడని రాయించారు. వాడూ అదే చెప్పాడు.

మర్నాడు పొద్దున టైరు మళ్లీ నేలకంటింది. ట్రాక్టరు మా వాకిట్లోనే ఉంది. ఇది వాడి బామ్మర్ది పని అనుకుని కర్ర అందుకున్నాను. మా ఆవిడ అడ్డం నిలబడింది. "ఆయన దవాఖానల పన్నడు. బామ్మర్ది డోర్నకల్‌ల ఉంటడు. మరి గాలి ఎవలు తీసిండ్రు? ఇగ నన్ను కొడ్తవా?" అంది. ఆమె మీదికీ చెయ్యి లేచింది. ఎలాగో దించుకున్నాను.

చక్రం విప్పి, బస్సు మీద వేసుకుని వరంగల్ పోయాను. పంక్చర్ షాపాయన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచాడు. నా ప్యాచ్ పక్కనే సన్నటి బుడగలు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. దానికి ప్యాచ్ వేశాడు గాని, ట్యూబును వెంటనే లోపల పెట్టలేదు. గుప్పెడు దూది తీసుకుని టైరు లోపలంతా నిమురుతూ పోయాడు. ఒకచోట దూదిపోగులు చిక్కుకున్నాయి. అక్కడ పటకారు పెట్టి లాగి, వచ్చినదాన్ని నా అరచేతిలో వేశాడు. విరిగిన ముల్లు కొస, బియ్యపు గింజలో సగం కూడా లేదు.

"చేతికి దొరకది, దూదికైతె దొరుకుతది. బరువు వడ్డప్పుడల్లా గిదే పొడుస్తాంది. గిది తియ్యకుంట ప్యాచేసిన ఉస్తాద్ ఎవలు?" అన్నాడు.

"మా ఊళ్లె ఒగడున్నడు" అన్నాను.

అక్కడి నుంచి నేరుగా దవాఖానకు నడిచాను. నన్ను చూడగానే వాడు మంచం మీదే గోడవైపు జరిగాడు. జరిగిందంతా చెప్పాను. వాడు కట్టు కట్టిన చేతివైపు చూసుకున్నాడు.

"చెయ్యిదేముందన్నా, అతుక్కుంటది. ఊళ్లె అందరు దొంగ అంటాండ్రు. గాలి నేను తియ్యలేదని వాళ్లకు చెప్తవా?" అన్నాడు.

చెప్తానన్నాను. చెప్పాను కూడా. చాయ్ హోటల్ దగ్గర అందరి ముందూ చెప్పాను. ఒక పెద్దాయన నా వీపు తట్టాడు. "వాడు నోటితోని ఒప్పుకున్నది మేమందరం విన్నం గద. చెయ్యి ఇరిగిందని జాలిపడి నీ మీదేసుకుంటున్నవ్. నీ మనసు మంచిది" అన్నాడు. కాదన్నాను. మళ్లీ కాదన్నాను. మూడోసారి అనలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, మంచివాడివని అంటుంటే వినడానికి బాగానే ఉంది. చాయ్ తాగి ఇంటికి వచ్చేశాను.

వాడికి గాలిదొంగ అనే పేరు స్థిరపడిపోయింది. బడిలో పిల్లలు వాడి బిడ్డను కూడా గాలిదొంగ బిడ్డ అన్నారు. కట్టు విప్పించుకుని వచ్చాక వాడు గెట్టు మీద ఎదురుపడ్డాడు. చెయ్యి వంకరగా అతుక్కుంది. హోటల్ దగ్గర జరిగింది ఎవరో చెప్పినట్టున్నారు.

"నేను చెప్పిన. వాళ్లు నమ్మలే" అన్నాను.

"నాతోని ఒప్పించేదాంక ఇడ్వలేదు గద అన్నా," అన్నాడు. "వాళ్లకు రెండుసార్లు చెప్పి ఊకున్నవా?"