విశ్వనావికుడూ పంటు సరంగూ

టీవీలో రాకెట్ కనబడితే నాకిప్పటికీ మస్కట్ గుర్తొస్తుంది. రెండువేల తొమ్మిది ప్రాంతంలో, ఉద్యోగం చివరి రోజుల్లో, అక్కడ బౌషర్ అనే పేటలో ఉండేవాళ్ళం. రోజూ డైరీలో పేజీ పైన ఒక కొత్త మాట, కింద దాని పుట్టుక రాసుకోవడం నా అలవాటు. ఒక మధ్యాహ్నం రష్యావాళ్ళ రాకెట్ ఎగరడం చూసి ‘కాస్మొనాట్’ అని రాశాను. రెండు గ్రీకు మాటలు కలిసి పుట్టిన పేరది. కాస్మోస్ అంటే విశ్వం, నౌతేస్ అంటే నావికుడు.

మా ఇంట్లో పనిచేసే కోనసీమ ఆవిడ బియ్యం ఏరుతూ తనూ టీవీ చూస్తోంది. ఆవిడ భర్త ఒకప్పుడు గోదావరి మీద జనాన్ని రేవు దాటించే పంటు నడిపిన సరంగు. మస్కట్‌లోనే ఒక కంపెనీలో క్రేన్ డ్యూటీ చేస్తూ వాళ్ళ క్యాంపులోనే ఉండేవాడు. శుక్రవారాలు ఇద్దరూ ఖురం బీచ్‌లో కాసేపు కూర్చుని వచ్చేవారు. ఇప్పుడు కంపెనీ అతన్ని ఎక్కడో దూరాన దుక్మ్‌లో రేవు కట్టే సైట్‌కి పంపుతోంది. ఆ కబురు ఫోన్లో “దుక్మ్ ఎల్తన్నాను” అని చెప్పి పెట్టేశాడట. ఎల్లొస్తాను అనలేదని ఆవిడ కోపం. తర్వాత అతని ఫోన్ ఎత్తలేదు. మర్నాడే బస్సు.

“ఆ రాకెట్లో మడిసిని ఏవంటారండీ బాబాయిగారూ?” అని అడిగింది.

మనం వ్యోమగామి అంటామనీ, అంటే ఆకాశంలో వెళ్ళేవాడనీ, రష్యావాళ్ళు మాత్రం విశ్వనావికుడు అంటారనీ చెప్పాను.

“మనోళ్ళ మాటలో ఎల్లడవే ఉందండీ. ఆళ్ళే నయం, పడవోడన్నారు. పొద్దోయేసరికి పంటు ఇవతల రేవులో కట్టాలండి. అదీ సరంగంటే.”

“ఆ ముక్క మీ ఆయనకి చెప్పు. మాకెందుకు?” అంది వంటింట్లోంచి నా భార్య.

మర్నాడు ఆవిడని బస్సు దగ్గరికి నేనే కారులో తీసుకెళ్ళాను. అతను హెల్మెట్ చంకన పెట్టుకుని, రెండు సంచులతో నిలబడి ఉన్నాడు. ఆవిడ నేరుగా వెళ్ళి ఒక పొట్లం అతని సంచిలో కుక్కింది. బస్సు మెట్టెక్కి అతను “ఎల్త...” అని ఆగాడు. ఆవిడ మొహం చూశాడు.

“ఎల్లొస్తానే.”

“ఎప్పుడో అది కూడా చెప్పు మావా.”

“రెండు నెల్లకి సెలవంట.”

“జంతికలు పెట్టాను. రూమంతా పంచేసి నువ్వు చేతులు నాక్కోకు.”

తిరిగొస్తుంటే దారిలో ఆవిడ ఆ రాకెట్‌వాళ్ళు ఎప్పుడు దిగుతారని అడిగింది. ఆరు నెలలు పడుతుందన్నాను.

“అయితే మా ఆయనే ముందొస్తాడండి” అంది.