అందరికీ కడుపునొప్పే

నిజామాబాద్‌లో నేను నర్సుగా పనిచేసే వార్డుకు ఎడపల్లి నుంచి ఒక కోడలిని తెచ్చారు. పురుగుల మందు తాగింది, ప్రాణం దక్కింది. ఎందుకు తాగావని నేనడిగితే అత్త జవాబిచ్చింది.

"కడుపునొప్పికి ఓర్సుకోలేక తాగింది సిస్టర్."

మా జిల్లాలో మందు తాగి వచ్చే ప్రతివాళ్లకూ ఇదే నొప్పి. ఇన్ని ఊళ్లకు ఒకే నొప్పేమిటని ఎవరూ అడగరు. ఇలాంటివాళ్లతో ఒంటరిగా మాట్లాడాలని మాకు శిక్షణలో చెప్పారు. అత్తను చాయ్ తాగి రమ్మని పంపి, మంచం పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా ఇంట్ల..."

అంతలోనే హెడ్ నర్సు కేకేసింది. "గిట్ల ముచ్చట్లు పెడితే సెలైన్లు ఎవరు మారుస్తరు?"

సెలైన్లు మార్చి వచ్చేసరికి అత్త మంచమెక్కి కూర్చుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కడుపునొప్పికి మాత్రలు రాశాడు. అవి ఏ పూట వేసుకోవాలో ఆ పిల్లకు నేనే చెప్పాను.