చవక సెన్సర్లు మోగించిన గంట

మా మేనమామ మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. వీధి వైపు గదిలో షాపు, వెనక గదిలో అత్తయ్య మంచం. పక్షవాతంతో ఆమెకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. పంతం మాత్రం చెక్కుచెదరలేదు. ఎవర్నీ పిలిచే వీల్లేక తనే లేవబోయేది. రెండుసార్లు పడింది. రెండోసారి మామయ్య గ్రైండరు మోతలో ఉన్నాడు. అరగంట తర్వాత లోపలికెళ్తే ఆమె నేలమీద ఉంది. ఆ అరగంట ఆయన్ని పీక్కుతింది.

ఎవరైనా మనిషిని పెట్టుకోమన్నాను. నా మాట వింటే ఆయన మామయ్య ఎందుకవుతాడు. మంచం మీద బరువు తగ్గగానే షాపులో గంట మోగే యంత్రం తనే చేస్తానన్నాడు. దానికి ప్రెషర్ సెన్సర్లు కావాలి. ఆస్పత్రి సామాన్ల దుకాణంలో ధర విని, మంచినీళ్లు అడిగి తాగి వచ్చేశాడు. ఇంకో దుకాణంలో ప్రెషర్ అనగానే కుక్కర్ వాల్వు తీసి చూపించారు. పార్సిల్లో తెప్పించినవి కాగితంలా పల్చగా ఉన్నాయి, అత్తయ్య పడుకున్న మొదటి పూటే చచ్చూరుకున్నాయి. మూడు వారాలు కాళ్లరిగేలా తిరిగాక పాత సామాన్లవాడి దగ్గర అద్దం పగిలిన వెయింగ్ మిషన్ ఒకటి దొరికింది. దాని నాలుగు మూలల్లో నాలుగు ఇనప బిళ్లలుంటాయి, బరువును పసిగట్టేవి అవే. వాటిని ఊడదీసి మంచం కోళ్ల కింద ఒక్కోటి పెట్టాడు. అంకెలు కనిపించే చిన్న డబ్బా ఒకటి రెండు గదుల మధ్య గుమ్మానికి బిగించాడు.

మంచం, పరుపు, దుప్పటి బరువు తీసేస్తే అత్తయ్య యాభై నాలుగు కిలోలు. యాభై రెండుకి దిగితే గంట మోగాలి. అంత దగ్గరగా ఎందుకంటే, ఆమె ఒక కాలు నేలకి ఆనించగానే తెలియాలట, పడ్డాక తెలిసి ఏం లాభం.

మొదటి వారంలో గంట మూడుసార్లు ఆమెను పట్టిచ్చింది. మూడుసార్లూ పరిగెత్తి పట్టుకున్నాడు. అత్తయ్య కొరకొరా చూసింది. మామయ్య మాత్రం మిక్సీ ఇవ్వడానికి వచ్చినవాళ్లందరినీ నిలబెట్టి డబ్బా చూపించేవాడు.

రెండో వారం చివర్లో గంట ఉత్తినే మోగింది. వెళ్తే ఆమె కదలకుండా పడుకుని ఉంది. డబ్బాలో అంకె మాత్రం యాభై రెండు కంటే కింద ఉంది. "చవక సరుకే, అంకె జారిపోతుంది," అంటూ, ఆమె పడుకుని ఉండగానే డబ్బాకున్న మర తిప్పి మళ్లీ యాభై నాలుగు చేశాడు. పన్నెండు రోజులకి మళ్లీ అదే. మళ్లీ తిప్పాడు. ఇంకో పాత మిషన్ తెచ్చి బిళ్లలు మార్చాడు, అవీ జారాయి. జాతే అంత అని తిట్టుకున్నాడు. మొత్తం ఐదుసార్లు మర తిప్పాడు. చవక బేరానికి పోతే ఇంతే మామయ్యా అని నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పక్కన కూర్చుని తినిపించేటప్పుడు కూడా ఆయన ఒక కన్ను డబ్బా మీదే, ఇప్పుడేమైనా జారుతోందా అని. అత్తయ్యని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం మునుపటి కంటే తేలికగా ఉందని, తనకు చేయి తిరిగిందని గొప్పగా చెప్పుకున్నాడు.

మూడు నెలల తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడ కుర్చీతో సహా బరువు చూసే మిషన్ ఉంది. కుర్చీ బరువు తీసేసి నర్సు నలభై మూడు అని రాసుకుంది. "మీ మిషన్ సరిగ్గా లేదమ్మా, ఇంకోసారి చూడండి," అన్నాడు మామయ్య. ఆవిడ విసుక్కోకుండా తను ఎక్కి చూపించింది, మళ్లీ అత్తయ్య బరువు చూసింది. నలభై మూడే.

డాక్టరు ఆమె గొంతు తడిమి, నీళ్లు పట్టించి చూశాడు. మింగలేకపోతోంది, ఎన్నాళ్లనుంచో సగం ముద్ద బుగ్గనే ఉంచుకుని తర్వాత తువాలులోకి వదిలేస్తూ ఉండాలి అన్నాడు. మొదట్లోనే తెచ్చుంటే మింగడం మళ్లీ అలవాటు చేయించేవాళ్లమట. ఇప్పుడు దానికి కావలసిన ఓపిక ఆమెలో లేదు. ముక్కులోంచి గొట్టం వేసి చూద్దాం, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు. బరువు ఎప్పటినుంచి తగ్గుతోందని అడిగాడు.

నేను చెప్పబోతే మామయ్య చేత్తో ఆపాడు.

"రెండో వారం నుంచే డాక్టరుగారూ. ఐదుసార్లు చెప్పింది. ఐదుసార్లూ నేనే మర తిప్పి దాని నోరు నొక్కాను."

ఎవరు చెప్పారని డాక్టరు అడిగాడు. అత్తయ్య బాగున్న చేత్తో మామయ్య చొక్కా అంచు పట్టుకుని, ఇంటికెళ్దాం పద అన్నట్టు లాగుతూనే ఉంది.