మాష్టారి మేడ మీద పాత కంప్యూటర్

ముందే చెప్తున్నాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నా కళ్ళతో చూసింది. పక్కన ప్రకాష్ కూడా ఉన్నాడు. వాడు అమలాపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తాడు. దయ్యాలూ గియ్యాలూ అంటే పడీపడీ నవ్వే రకం. కావాలంటే వాడినే అడగండి. ఈ సంగతి ఎత్తితే మాత్రం నవ్వడు.

మాకు రాజోలు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలు పెంచేవాడికి రాత్రి నిద్రుండదు. నీళ్ళకి గాలందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని చెవి అక్కడే పడేసి ఉంచాలి. కరెంటు పోయి, జనరేటర్ అందుకోకపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోతాయి. అందుకే గట్టు మీద షెడ్డులోనే నా పడక. నిద్ర ఆపుకోవడానికి ఆటలాడుకుంటాను. ఫోన్లో ఆటలు కాదు. చిన్నప్పుడు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడినవి. బంతితో ఇటుకలు పగలగొట్టేది. పైనుంచి కనబడే కారు రేసు. అలాంటివి.

వాటిని నా ల్యాప్‌టాప్‌లో వేసి చూశాను. ఏం లాభం? అవి నెమ్మదిగా నడిచే కంప్యూటర్ల కోసం రాసిన ఆటలు. ఇప్పటి మెషీన్‌లో బంతి కంటికి ఆనదు. మొదలెట్టామో లేదో ఆట అయిపోతుంది. వేగం తగ్గించే సాఫ్ట్‌వేర్లున్నాయి, అవీ వాడాను. కానీ ఆ చప్పుడు రాదు. ఆ మందపాటి గాజు తెర మీద అక్షరాలు వెలిగినట్టు వెలగవు. అసలైన పాత కంప్యూటరే కావాలని మనసు పీకడం మొదలైంది.

ప్రకాష్‌కి చెప్పాను.

"టర్బో బటన్ ఉన్నది కావాల్రా. అది నొక్కితే మెషీన్ నెమ్మదిస్తుంది చూడు, అది."

"మా పెద్దమ్మ వాళ్ళ మేడ మీద ఉంటాయిరా" అన్నాడు వాడు. "పెదనాన్న, అదే మాష్టారు, అక్కడే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు కదా. ఆయన పోయేక పైకి ఎవరూ ఎక్కలేదు. ఇప్పుడా వాటా అద్దెకిద్దాం, సామాను తీసెయ్యండి అంటోంది పెద్దమ్మ."

అలా వెళ్ళాం. చెరువులకి సాయంత్రం మేత వేయించి, మా తమ్ముణ్ణి కాపలా పెట్టి బయల్దేరేసరికే చీకటి పడింది. దారిలోనే వాన అందుకుంది. ప్రకాష్ వాళ్ళ పెద్దమ్మ కరుణమ్మగారు గుమ్మంలో టార్చి పట్టుకుని నిలబడ్డారు. రిటైరైన టీచరు. తెల్ల చీర, కళ్ళజోడు.

"తడిసిపోయేరు నాన్నా… తల తుడుచుకోండి. టీ పెడతాను, మీరు పైకెళ్ళి చూసుకోండి. నాకీ మెట్లు ఎక్కబుద్ధి కాదు" అన్నారు.

పైగది తాళం తుప్పుపట్టి ఉంది. తలుపు తీయగానే… ఏదో వాసన. పాత కాగితాలు, తడిసిన గోడలు, వాటితోపాటు వేడెక్కిన ప్లాస్టిక్ లాంటి వాసన. ఎన్నో ఏళ్ళుగా మూసి ఉన్న గదిలో వేడి ఎక్కడిదని అప్పుడు తట్టలేదు నాకు. లైటు వేస్తే మూడు కంప్యూటర్లు, మీద దుప్పట్లు కప్పి.

మొదటిది నల్లటి డబ్బా. చూడ్డానికి బాగుంది, కానీ అది నాకు కావలసినంత పాతది కాదు. నేను పట్టుకెళ్ళిన ఫ్లాపీ పెట్టి ఆట వేస్తే కారు మెరుపులా పోయి గోడకి కొట్టుకుంది. దాని గడియారం చూస్తే ఎప్పటిదో తేదీ. "లోపల బ్యాటరీ చచ్చిపోయిందిరా. ఇన్నేళ్ళు పెట్టేస్తే అంతే" అన్నాడు ప్రకాష్. రెండోది అసలు లేవలేదు. మూడుసార్లు కూసి ఊరుకుంది.

మూడోది… పాలమీగడ రంగు. అంచులు పసుపెక్కాయి. ముందు వైపు చిన్న టర్బో బటన్. ఇదే. నాకు కావలసింది ఇదే.

"ఆగు, ముందు మూత తీసి చూడాలి" అన్నాడు ప్రకాష్. స్క్రూలు విప్పాడు. లోపల చిన్న పీపాలాంటి బ్యాటరీ. పగిలి, రసం కారి, చుట్టూ తెల్లగా పచ్చగా బూజులా పట్టేసింది. కంప్యూటర్ ఆపేసినప్పుడు టైము, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి ఆ బ్యాటరీయే ఆధారం. ప్రకాష్ కటింగ్ ప్లేయర్‌తో దాని కాళ్ళు కత్తిరించి, తీసి కిటికీలోంచి బయట పారేశాడు. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ తీసేశాం. నేనే టార్చి పట్టుకున్నాను.

"ఇది బుర్ర లేని మనిషితో సమానం ఇప్పుడు. ఏదీ గుర్తుండదు. ఆన్ చెయ్యగానే గోల పెడుతుంది. సెటప్‌లోకెళ్ళి డిస్క్ ఎంతో, తేదీ ఏంటో మనమే చెప్పుకోవాలి" అన్నాడు.

స్విచ్ వేశాం.

ఫ్యాన్ మూలిగింది. తెర మీద అంకెలు… టిక్ టిక్ టిక్ మని పైకి లెక్కపెట్టుకుంటూ పోయాయి. లోపల డిస్క్ కిర్ర్… కిర్ర్… అని గోకింది. ఒక్క చిన్న కూత. గోల లేదు. తప్పుంది అనలేదు. ఏమీ అడగకుండా మామూలుగా లేచింది.

ప్రకాష్ మొహం చిట్లించాడు. "అదేంట్రా…" అంటూ మళ్ళీ స్టార్ట్ చేసి సెటప్‌లోకి వెళ్ళాడు. నీలం తెర వచ్చింది. పైన తేదీ. దాని కింద టైము. సెకన్లు మారుతున్నాయి.

తేదీ… ఆ రోజుదే.

నేను జేబులోంచి ఫోన్ తీశాను. ఫోన్ గడియారం తెరిచి, ఆ గాజు తెర పక్కన పెట్టాను. గంట సరిపోయింది. నిమిషం సరిపోయింది. సెకను… సెకను కూడా. ఇది మారినప్పుడే అదీ మారుతోంది. ఇద్దరు మనుషులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తున్నట్టు.

"ఆపెయ్" అన్నాడు ప్రకాష్.

ఆపి, ప్లగ్గు గోడలోంచి పీకేశాడు. తీగ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. బయట వాన. రేకు చూరు మీద దరువు. కావాలనే చాలాసేపు ఆగాం. మళ్ళీ పెట్టి స్విచ్ వేశాం. మళ్ళీ సెటప్. మళ్ళీ నీలం తెర.

సరైన టైమే. సెకనుతో సహా.

"ఈ మెషీన్‌కి ఈ సంవత్సరం ఉంటుందనే తెలీకూడదురా" అన్నాడు వాడు గుసగుసగా. "ఎవరు చెప్పేరు దీనికి?"

నాకు భయం వేసిందా అంటే… వేసింది. కానీ పారిపోవాలనిపించలేదు. గుళ్ళో గర్భగుడి ముందు నిలబడితే నోట మాట రాదు చూడండి, అలా ఉంది. ఆ సెకన్లు మారుతుంటే చూస్తూ ఉండిపోయాను. ఎవరో తెర వెనక కూర్చుని ఓపిగ్గా లెక్కపెడుతున్నట్టుంది. ఎన్నేళ్ళ నుంచో… ఒక్క అంకె కూడా తప్పిపోకుండా.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు.

ఒక్కో మెట్టూ నెమ్మదిగా… ఆగి… మళ్ళీ ఒకటి. ప్రకాష్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. తలుపు దగ్గర కరుణమ్మగారు కనబడ్డారు. చేతిలో టీ గ్లాసుల పళ్ళెం. "పిలుస్తుంటే పలకరేంటి నాన్నా…" అనబోయి ఆగిపోయారు. ఆ నీలం వెలుగు ఆవిడ కళ్ళజోడు మీద పడింది. మా ఇద్దరినీ చూడటం లేదు. మా మధ్య ఖాళీగా ఉన్న కుర్చీకేసి చూస్తున్నారు.

మెల్లగా, చాలా మామూలుగా అన్నారు.

"ఇంక చాలండీ. పొద్దుపోయింది. కట్టేసి రండి."

సెకను ఆగిపోయింది.

నేను తెరకేసే చూస్తున్నాను, అందుకే ఒట్టేసి చెప్పగలను. అంకె ఆగిపోయింది. ఫోన్లో మారుతోంది… ఇక్కడ మారలేదు. తర్వాత తెర ఒక్కసారి కళ్ళార్పినట్టయింది. తేదీ పోయింది. దాని చోట పంతొమ్మిది వందల ఎనభై, జనవరి ఒకటి. టైము అన్నీ సున్నాలు. అక్కడినుంచి మళ్ళీ మొదలు. ఒకటి… రెండు… మూడు…

ప్రకాష్ మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఈసారి పెద్ద కూత. సెట్టింగులు పోయాయి, తేదీ తెలీదు, డిస్క్ తెలీదు అని తెర నిండా గోల.

"ఇది… ఇది మొదట్లోనే రావాల్రా" అన్నాడు.

కరుణమ్మగారు పళ్ళెం బల్ల మీద పెట్టారు. నేనే ధైర్యం చేసి అడిగాను. "పెద్దమ్మగారూ, ఇందాక ఎవరితో అన్నారండీ?"

"అలవాటు బాబూ. ఆ వెలుగు చూసేసరికి నోట్లోంచి వచ్చేసింది. పిల్లలందరూ వెళ్ళేక మీ మాష్టారు ఇక్కడే కూర్చుని ఆటలాడుకునేవారు. కిందనుంచి ఎంత కేకేసినా పలికేవారు కాదు. పైకొచ్చి ఈ మాటంటేనే కంప్యూటర్ కట్టేసేవారు. రోజూ ఇంతే."

ఆవిడ ఆ ఖాళీ కుర్చీ సర్దారు.

"ఆ రాత్రి నేను రాలేదు. కాళ్ళ నెప్పులని కిందే పడుకుండిపోయేను. పొద్దున్న కాఫీ పట్టుకొస్తే… ఈ కుర్చీలోనే ఉన్నారు. కంప్యూటర్ అలా వెలుగుతూనే ఉంది. మా ప్రకాషే కదా వచ్చి ప్లగ్గు పీకేసేడు."

ప్రకాష్ తల వంచుకున్నాడు. ఇదేనా ఆ కంప్యూటర్ అని నేను కళ్ళతోనే అడిగాను. తల ఊపాడు.

జరిగింది ఆవిడకి చెప్పాం. దాచబుద్ధి కాలేదు. అంతా విన్నారు. "ఆయన ప్రభువు దగ్గరున్నారు నాన్నా. ఇక్కడెందుకుంటారు?" అన్నారు. గట్టిగానే అన్నారు. కానీ అంటూనే వెళ్ళి, ఆ గాజు తెర మీద చెయ్యి పెట్టారు. పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

"నువ్వు ఆడుకుంటావా బాబూ దీని మీద?"

"ఆయ్, ఆడుకుంటానండీ."

"అయితే పట్టుకెళ్ళు. అలా దుప్పటి కప్పి మాత్రం ఉంచకు."

తెచ్చుకున్నాను. వద్దనిపించలేదా అంటారు అందరూ. ఏమో. వద్దనిపించలేదు. ఇప్పుడది చెరువు గట్టు మీద నా షెడ్డులో ఉంది. టర్బో బటన్ నొక్కితే బంతి ఎంత వేగంలో పోవాలో అంతే వేగంలో పోతుంది. ఇటుక పగిలితే ఆ పాత చప్పుడే. ఆన్ చేసిన ప్రతిసారీ ఎనభయ్యో సంవత్సరం జనవరి ఒకటే చూపిస్తుంది. ప్రతిసారీ డిస్క్ సంగతి నేనే చెప్పాలి. ఒక్కసారి కూడా దానంతటది టైము చెప్పలేదు.

ప్రకాష్ రకరకాలుగా ఆలోచించాడు. లోపల ఎక్కడో కరెంటు మిగిలి ఉంటుందన్నాడు. మరి అన్నేళ్ళా అంటే మాట మార్చేస్తాడు. మేమే సరిగ్గా చూడలేదేమో అని ఒకసారి అన్నాడు. అని, వాడే తల అడ్డంగా ఊపాడు.

మొన్న కూడా ఫోన్ చేశాడు. "కొత్త బ్యాటరీ తెచ్చేనురా. అతికించేస్తే ప్రతిసారీ ఆ తలనొప్పి ఉండదు" అన్నాడు.

వద్దులే, తర్వాత చూద్దాం అన్నాను.

బ్యాటరీ వేస్తే అది మళ్ళీ సరైన టైము చూపిస్తుంది. చూపించిన రోజున… అది బ్యాటరీ వల్లో, ఇంకెవరి వల్లో నాకెలా తెలుస్తుంది?