డ్రైవరు మామ రాయించిన పట్టీ

నా చిన్నప్పుడు తిరుపతిలో మా వీధి మొత్తానికి ఒకటే కారు ఉండేది. అది మా తాతయ్యది. బట్టల వ్యాపారం బాగా సాగిన ఒక ఏడాది ఆయన మద్రాసులో ఎవరో వాడిన కారును కొని తెచ్చుకున్నారు. ముందు వైపు ఇనుప హ్యాండిలు దూర్చి గట్టిగా తిప్పితే తప్ప లేచేది కాదు. యుద్ధం రోజులు కాబట్టి పెట్రోలు కూపన్ల మీద కొలిచి పోసేవారు. అందువల్ల నెలలో చాలా రోజులు అది షెడ్డులో గుడ్డ కప్పుకొని నిద్రపోయేది. ఆయుధపూజ రోజు మాత్రం ఇంట్లో పెళ్ళికొడుక్కి జరిగినంత వైభోగం దానికి జరిగేది.

నేను మూడో తరగతి చదువుతున్న ఏడు ఆ అలంకారంలో నాకూ ఒక వాటా దక్కింది. ముందు దీపాలు, హారను తాతయ్య వంతు. చక్రాలు కడిగి పసుపు రాయడం డ్రైవరు మామ వంతు. పూలదండలు మా చిన్నత్త, అంటే మా నాయన చెల్లెలు, కట్టింది. కారు వెనుక భాగం నాకు వదిలేశారు. నేను గిన్నెడు చందనం తీసుకుని చాలా నిష్ఠగా పని చేశాను. పెట్రోలు పోసే చోట గుండ్రటి ఇత్తడి మూత ఒకటి ఉండేది. అది నాకు అమ్మవారి ముఖంలా కనిపించింది. దాని నిండా చందనం మెత్తి, నడుమ రూపాయంత కుంకుమ బొట్టు పెట్టాను. సాయంత్రం లోపల రెండుసార్లు వెళ్ళి నా పనితనం చూసుకుని మురిసిపోయాను.

మరునాడు విజయదశమి. చిన్నత్త టీచరు ట్రైనింగుకు మద్రాసు బయలుదేరే రోజు. ఆడపిల్లను అంత దూరం పంపడానికి తాతయ్యను ఒప్పించేసరికి ఆమెకు ఏడాది పట్టింది. ఒప్పుకుంటూ కూడా ఆయన ఒక మెలిక పెట్టారు. మంచి గడియలో, ఏ ఆటంకమూ లేకుండా ఇల్లు కదిలితేనే ప్రయాణం. ఆటంకం వస్తే ఇక ఆ ఊసే ఎత్తకూడదు. దశమి మర్నాడు ఉదయానికల్లా వచ్చి చేరకపోతే సీటు ఇంకొకరికి ఇస్తామని ట్రైనింగు స్కూలు ఉత్తరంలో ఉంది. మధ్యాహ్నం రేణిగుంటలో మద్రాసు బండి ఎక్కితేనే అది కుదురుతుంది.

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. కూపన్లన్నీ కూడబెట్టి ముందురోజే ట్యాంకు నిండా పోయించిన పెట్రోలు ఉంది. డ్రైవరు మామ హ్యాండిలు తిప్పాడు. కారు లేచింది, నిమ్మకాయలు చితికాయి, మా అమ్మ హారతి ఇచ్చింది. కారు వీధి చివరిదాకా వెళ్ళి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆగడం కూడా ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది, జట్కా స్టాండు ముందు.

కారు వచ్చినప్పటి నుంచి మా తాతయ్యకూ, ఆ స్టాండులోని జట్కా తోలే అన్నకూ మాటా మాటా నడుస్తూ ఉండేది. అతను గుర్రానికి గడ్డి వేస్తూ, “ఏం సామీ, మీ గుర్రం గడ్డి తినాలంటాందా?” అన్నాడు.

తాతయ్య ముఖం కందగడ్డ అయింది. “వీడే ఏందో సేసినాడు. పెట్రోల్లో సక్కెర పోసినాడు,” అని అరిచారు.

“సక్కెర రేషన్లో నా టీకే లేదు సామీ, మీ కారుకు యాడ తెచ్చేది?” అన్నాడతను. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. తాతయ్యకు మరింత మండింది.

డ్రైవరు మామ ఈ గొడవ ఏదీ పట్టించుకోలేదు. అతను వేలూరు వైపు మనిషి. చదువు రాదు. కానీ కారు మొరాయిస్తే మొదట చేతులు కడుక్కుని, బీడీ ముట్టించి, కాసేపు ఊరికే నిలబడేవాడు. ఆ రోజు బీడీ అయ్యాక నన్ను పిలిచి, “అబ్బోడా, పలక తేపో. మనం సేసిందల్లా వరసగా రాసుకుందాం. నాకు రాత రాదు, నీకు బండి రాదు, ఇద్దరం కలిస్తే ఒక మేస్త్రీ,” అన్నాడు.

పలక సరస్వతి పూజలో ఉంది. విజయదశమి నాడే దాన్ని తీసి కొత్తగా ఏదైనా రాయాలి. పరుగున వెళ్ళి తెచ్చాను. తాతయ్య చెప్పారు కదా అని అన్నిటికన్నా పైన ‘ఎవరు చేశారు: జట్కా అన్న’ అని రాసి గట్టిగా చదివాను. డ్రైవరు మామ అరచేత్తో ఆ వరస తుడిచేశాడు. “అది కారుకు అక్కరలేదు. ఏమైందో మాత్రం రాయి,” అన్నాడు.

రాశాను. హారను మోగింది. ప్లగ్గు తీగ ఇనుముకు దగ్గరగా పట్టి హ్యాండిలు తిప్పితే నిప్పురవ్వ దూకింది. మూత తీసి పుల్ల ముంచితే పెట్రోలు నిండుగా ఉంది. అప్పుడు తిప్పితే కారు లేచింది! అందరూ కేకలు వేశారు. మూత బిగించి కదిలారు. బండి ఇరవై అడుగులు పోయి మళ్ళీ ఆగింది. డ్రైవరు మామ ఇంజను దగ్గర పెట్రోలు పైపు విప్పి చూస్తే ఒక్క చుక్క కూడా రావడం లేదు. పైపులో చెత్త ఉందేమోనని మూత మళ్ళీ తీసి, పైపులోకి గట్టిగా ఊది బిగించాడు. తిప్పగానే లేచింది. మూత వేసి బయలుదేరితే మళ్ళీ ఆగింది. ఇవన్నీ పలక మీద వరసగా ఉన్నాయి.

తాతయ్య ఆకాశం వైపు చూసి, “సాలు. మూడుసార్లు ఆగినాది. అమ్మవారికి ఇష్టం లేదు. ట్రంకుపెట్టె లోపలికి తీసుకుపొండి,” అన్నారు. చిన్నత్త ఏడవలేదు. ట్రంకుపెట్టె పట్టుకున్న చెయ్యి మాత్రం వదలలేదు. ఆ వేళ్ళు తెల్లబడటం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

నేను పలక మళ్ళీ చదువుకున్నాను. మూత తీశాం, లేచింది. మూత వేశాం, ఆగింది. మూత తీశాం, లేచింది. మూత వేశాం, ఆగింది. ఆ మూత మీద చందనం ఎవరిదో నాకు తెలుసు. చెబితే వీధిలో అందరి ముందు వీపు పగులుతుంది. చెప్పకపోతే అత్తకు మద్రాసు బండి తప్పిపోతుంది. డ్రైవరు మామ దగ్గరికి వెళ్ళాను.

“మామా, మూత వేసినప్పుడల్లా ఆగతా ఉండాది. మూతకు నేనే...”

“ఆగు,” అన్నాడు మెల్లగా. “మొదటి సగం సాలు. రెండో సగం పలక మీద లేదు.”

అతను మూత తీశాడు. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు ‘ఉస్సు’మని ఈసారి అందరికీ వినిపించింది. కుంకుమ బొట్టును గోటితో గీకితే దాని కింద చిన్న రంధ్రం బయటపడింది. చందనం అందులో సున్నంలా గట్టిపడి ఉంది. “పెట్రోలు కిందికి పోవాలంటే గాలి పైనుంచి లోపలికి రావాల సామీ. దీని ముక్కు మూసుకపోయినాది,” అన్నాడు. చిన్నత్త అప్పటికే జడలోని పిన్ను తీసి అతని చేతికి ఇచ్చింది. రంధ్రం పొడిచి, మూతను సూర్యుడి వైపు పెట్టి చూపించాడు. ఆవగింజంత వెలుగు కనిపించింది.

“ఎవుర్రా అంత సందనం కొట్టింది?” అన్నారు తాతయ్య.

“భక్తి సామీ,” అన్నాడు డ్రైవరు మామ. “భక్తి రోంత ఎక్కువైంది.”

జట్కా అన్న గుర్రం మెడ నిమురుతూ, “నా దానికి నిలువెల్లా పూసినా నడుస్తాది,” అన్నాడు. అందరికన్నా ముందు చిన్నత్త నవ్వింది. తాతయ్య మాత్రం ఇంకా తటపటాయిస్తూ, “ఆటంకం అయితే వచ్చింది కదమ్మా,” అన్నారు.

“ఆటంకం యాడుండాది నాయనా? అలంకారం ఎక్కువైంది, అంతే,” అంది అత్త.

తాతయ్య పొట్ట కదలడం మొదలైంది, ఆపైన నవ్వు బయటికి వచ్చింది. జట్కా అన్న దగ్గరికి వెళ్ళి, అత్త కోసం తెచ్చిన తాంబూలంలోంచి ఆకూ వక్కా అతని చేతిలో పెట్టారు. క్షమించమన్న మాట ఆయన నోట రాలేదు గానీ, ఆ ఆకూ వక్కా అందరికీ అర్థమయ్యాయి. జట్కా అన్న వక్క నములుతూ వచ్చి కారును వెనుక నుంచి తోశాడు.

రేణిగుంటలో మేము ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేసరికి బండి వచ్చి ఆగుతోంది. చిన్నత్త పరుగెత్తింది. తాతయ్య పంచె ఎగగట్టి ట్రంకుపెట్టె తానే మోసుకుని ఆమె వెనుక పరుగెత్తారు. కిటికీలోంచి ఊపిన ఆమె చెయ్యి మలుపు తిరిగేదాకా కనిపించింది.

తిరుగు దారిలో తాతయ్య వెనుక సీట్లో కునుకు తీశారు. ముందు కూర్చున్న నేను డ్రైవరు మామకు ఆ రెండో సగం చెప్పేశాను. “నాకు అప్పుడే తెలుసులే,” అన్నాడతను. “నీ సేతి గోళ్ళల్లో ఇంకా సందనం ఉండాది. అబ్బోడా, ఎవురు అని అడిగితే అందరూ నోరు మూసుకుంటారు. ఏమైంది అని అడిగితే బండి కూడా సెప్తాది.”

తర్వాత నేను ఇంజనీరింగు చదివాను, ముప్పై ఏళ్ళకు పైగా వర్క్‌షాపుల్లో పనిచేశాను. యంత్రం ఆగినప్పుడు చుట్టూ తల వంచుకుని నిలబడే పనివాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో ఒకడికి తప్పకుండా కారణం తెలిసే ఉంటుంది. మొదట ఏం విన్నావు, తర్వాత ఏం చూశావు, అప్పుడు ఏం చేశావు, ఈ మూడే అడిగేవాణ్ణి. మిగిలింది వాళ్ళే చెప్పేవారు.

ఇప్పుడు యంత్రాలు లేవు, మనవలున్నారు. వంటింట్లో ఏదైనా భళ్ళుమన్న చప్పుడైతే నేను కుర్చీలోంచి లేవకుండానే, “ఏం పగిలిందిరా?” అని అడుగుతాను. లోపలి నుంచి ఒక చిన్న గొంతు, “గాజు గ్లాసు, తాతయ్యా. నేనే,” అంటుంది.